పరుపు కింద దొరికిన బ్యాకప్: సాఫ్ట్‌వేర్ రాసేవారికి ఒక బహిరంగ లేఖ

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఇంజనీర్లకు, ముఖ్యంగా అందులో ఎర్రర్ సందేశాలు రాసే మిత్రులకు,

నమస్కారం.

ఈ లేఖ తెలుగులో ఎందుకని మీకు అనిపించవచ్చు. హైదరాబాదులోనూ, బెంగళూరులోనూ, సముద్రాలకు అవతలా మీ వృత్తిలో ఉన్న తెలుగువారు తక్కువేమీ కాదు. వారు చదివి పక్క కుర్చీలో ఉన్నవారికి చెబుతారని నా ఆశ. పైగా కోపంలో ఉన్నప్పుడు నాకు ఇంగ్లీషు వాక్యం సరిగా కుదరదు.

నేను ఉద్యోగ విరమణ చేసిన లెక్కల మాస్టారిని. ఒక చిన్న పట్టణంలో చందాల మీద నడిచే గ్రంథాలయంలో కంప్యూటర్ల సంగతి చూస్తుంటాను. పాత తెలుగు పత్రికలను స్కాన్ చేసి దాచడం మా పని. ఏ4 కొలత పేజీని అంగుళానికి 400 చుక్కల చొప్పున రంగుల్లో తీసి, కుదించకుండా ఉంచితే ఒక్కొక్కటి 46 మెగాబైట్లు దాటుతుంది. రోజుకు 150 పేజీలు తీస్తాం. అంటే దాదాపు 7 గిగాబైట్లు. చేతిలో పెట్టుకుంటే పొడిగా రాలిపోయే కాగితాలు కొన్ని ఉన్నాయి. వాటిని రెండోసారి స్కానర్ మీద పరచడం కుదరదు. అందుకే రాత్రి 11 గంటలకు ఆ రోజు పనంతా ఒక బయటి డిస్కులోకి నకలు అయ్యేలా ఏర్పాటు చేసుకున్నాం. ఉదయం రాగానే తెర మీద ఆకుపచ్చ టిక్కు కనిపిస్తుంది. దాన్ని చూసి టీ తాగేవాణ్ణి.

గత దసరాకు ముందు గోడలకు సున్నం వేయించాం. కంప్యూటర్లు ఆపి, తీగలు ఊడదీసి, బల్లలు పక్కకు జరిపి, పని అయ్యాక మళ్లీ అన్నీ బిగించాం. బయటి డిస్కుకు వేరే అడాప్టర్ ఉంటుంది. దాని స్విచ్ ఎవరూ వేయలేదు. ఎవరూ అంటే నేనే. డిస్కు లేకపోయినా మా ప్రధాన కంప్యూటర్ అయిన సర్వర్ ఆగకుండా పైకి లేవాలని ఒకప్పుడు నేనే దానికి నేర్పి ఉన్నాను. లైనక్సు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో రాసే పట్టికలో ‘నోఫెయిల్’ అని ఒక మాట చేరిస్తే చాలు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సర్వర్ మొండికేయకుండా ఉండడానికి అది మంచి మందే. కాబట్టి సర్వర్ మామూలుగా లేచింది. రాత్రి 11 గంటలకు మీ సాఫ్ట్‌వేర్ కూడా మామూలుగా లేచింది. డిస్కును తగిలించే చోట బ్యాకప్ అనే పేరుతో ఒక ఖాళీ ఫోల్డర్ ఉంటుంది కదా, అది కనిపించింది. ఫోల్డర్ ఉంది, రాసే హక్కు ఉంది, ఇంకేం కావాలి? రాసేసింది. ఆకుపచ్చ టిక్కు పెట్టింది.

అలా 43 పని దినాలు. ఆ రోజు కొత్తగా చేరినవాటిని, మారినవాటిని మాత్రమే నకలు చేసే ఏర్పాటు కావడంతో రోజుకు 7 గిగాబైట్లు సర్వర్ సొంత డిస్కు మీదనే పేరుకుంటూ పోయాయి. అసలూ నకలూ ఒకే పెట్టెలో. ఆ పెట్టె మీద పిడుగు పడితే రెండూ పోతాయి. ఈ సంగతి తెలియక నేను రోజూ టీ తాగుతూనే ఉన్నాను.

కార్తీక మాసం చివరి వారంలో ఒక ఉదయం పుస్తకాల సూచికను నడిపే డేటాబేస్ లేవలేదు. నేను చూసిన మొదటి ఎర్రర్ దాని నుంచి వచ్చింది, మీ నుంచి కాదు. డివైస్‌లో జాగా లేదన్నది దాని సారాంశం. ఇక్కడి నుంచి నేను చేసిన పనులు కాస్త వివరంగా చెబుతాను. మీ సందేశాలు చదివే మనిషి ఎలా ఆలోచిస్తాడో, ఎంత తెలివితక్కువగా ఆలోచిస్తాడో మీకు తెలియాలి.

ముందుగా బయటి డిస్కు దీపం వెలగడం లేదని గమనించాను. స్విచ్ వేశాను. డిస్కును తగిలించాను. ఇదేదో వేరే సంగతిలే అనుకుని దాన్ని అక్కడితో వదిలేశాను. ఆ తరువాత సర్వర్ సొంత డిస్కు ఎందుకు నిండిందో వెతకడం మొదలుపెట్టాను. మొత్తం ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ ఆదేశం నూటికి నూరు శాతం అంది. ఏ ఫోల్డర్‌లో ఎంత ఉందో లెక్కించే డీయూ ఆదేశంతో ఒక్కొక్కటీ కూడితే 200 గిగాబైట్లు కూడా రాలేదు. డిస్కు చూస్తే 500. మిగిలిన 300 ఎక్కడ? నలభై ఏళ్లు పిల్లలకు కూడికలు నేర్పినవాణ్ణి, నా కూడిక నాకే తప్పుతోందా అని రెండు సార్లు కాగితం మీద వేశాను. అలాంటప్పుడు అందరూ చేసే పనే నేనూ చేశాను: పాత లాగ్ ఫైళ్లు, అంటే ప్రోగ్రామ్‌లు తాము చేసిన పనులు రాసుకునే దినచర్యలు, చెరిపేశాను. కొంచెం జాగా వచ్చింది. డిస్కు ఎప్పటి నుంచి లేదో చెప్పగలిగిన బ్యాకప్ లాగ్ కూడా వాటితోపాటే పోయిందని మరునాడు తెలిసింది. సాక్ష్యాన్ని నేనే కడిగేశాను.

రెండు రోజుల తరువాత మా దగ్గర స్వచ్ఛందంగా పనిచేసే డిగ్రీ విద్యార్థిని ఒకరు వచ్చి, అంతా విని, ఒకే ఒక్క ప్రశ్న వేసింది. “మాస్టారూ, పరుపు ఎత్తి చూశారా?”

నాకు అర్థం కాలేదు. ఆ అమ్మాయే చెప్పింది. ఖాళీ ఫోల్డర్ మంచం లాంటిది, దాని మీద తగిలించే డిస్కు పరుపు లాంటిది. పరుపు లేనప్పుడు మంచం మీద పెట్టినవన్నీ, పరుపు వేశాక దాని కింద ఉండిపోతాయి. ఉన్న జాగా అలాగే తింటుంటాయి. కంటికి మాత్రం కనిపించవు. నేను స్విచ్ వేసి డిస్కును తగిలించడంతో 43 రాత్రుల నకళ్ల మీద నేనే పరుపు పరిచాను. సర్వర్ మూల ఫైల్ సిస్టమ్‌ను వేరే చోట ‘బైండ్ మౌంట్’ చేసి, అంటే ఇంకో దారిలోనూ కనిపించేలా తగిలించి, అక్కడి నుంచి చూస్తే, బ్యాకప్ ఫోల్డర్‌లో 300 గిగాబైట్లు గుట్టగా పడి ఉన్నాయి. వాటి తేదీలు చూసి వెనక్కి లెక్క కడితే సరిగ్గా సున్నం వేయించిన రోజు తేలింది.

చెడిపోయిన డేటాబేస్‌ను ఆ గుట్టలోని 42వ రాత్రి నకలు నుంచే బాగు చేశాం. ఆ ఒక్క రోజు వాలంటీర్లు టైపు చేసిన 60 కార్డులు మాత్రం పోయాయి. వారు మళ్లీ కొట్టారు, నా ముఖం చూసి ఏమీ అనలేదు. తప్పు చోట రాసిన నకలే మమ్మల్ని కాపాడిందని మీరు నవ్వుకోవచ్చు. మేమూ నవ్వాం, ఓ వారం తరువాత.

తప్పు నాదే. స్విచ్ నాది, నోఫెయిల్ నాది, చెరిపిన లాగ్ నాది. మీ సాఫ్ట్‌వేర్ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇది ఏ ఒక్కరి జబ్బూ కాదు. కానీ ఒక్క మాట అడుగుతాను. 43 రాత్రులపాటు, అంతకుముందు రాత్రి వరకు 2 టెరాబైట్లకు పైగా నకళ్లు ఉన్న చోటు ఒక్కసారిగా ఖాళీగా కనిపించినప్పుడు, మీ సాఫ్ట్‌వేర్‌కు అనుమానం రాలేదా? గాదె నిండుగా చూసిన రైతు మరునాడు తలుపు తీసి ఖాళీ గాదె చూస్తే, లోపలికి ఒక బస్తా వేసి తలుపు మూసి, అంతా క్షేమమని ఇంటికి పోతాడా?

ఇది అసాధ్యమేమీ కాదు, చేసినవారు ఉన్నారు. బోర్గ్ అనే ఉచిత బ్యాకప్ ప్రోగ్రామ్ ప్రతి నిల్వకూ ఒక గుర్తింపు సంఖ్య ఇస్తుంది. అదే నిల్వ వేరే దారిలో కనిపిస్తే, ఇది ఇంతకుముందు ఫలానా చోట ఉండేది కదా, కొనసాగించమంటారా అని ఆగి అడుగుతుంది. నిల్వే లేకపోతే రాయను అంటుంది తప్ప తనంతట తాను కొత్తది మొదలుపెట్టదు. ఒకే సర్వర్‌లో అనేక కంప్యూటర్లను నడిపించే ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫోల్డర్‌ను నిల్వగా చేర్చేటప్పుడు ‘ఈజ్ మౌంట్‌పాయింట్’ అని ఒక అమరిక ఉంది. అది పెడితే, ఆ చోట డిస్కు నిజంగా తగిలించి లేనప్పుడు ఆ నిల్వను లేనట్లే లెక్కిస్తుంది. ఎంత చిన్న పని! కాకపోతే అది తెలిసినవారే పెట్టుకోవాలి. తెలిసినవారికి దాని అవసరం సగమే.

ఇక మొరిగే ఎర్రర్ల సంగతి. మొరిగే కుక్క మంచిదే, కానీ దొంగ ఉత్తరం వైపు ఉంటే దక్షిణం వైపు తిరిగి మొరగకూడదు. నిల్వ అమరికలో దొర్లే తప్పులకు వచ్చే సందేశాలు చాలావరకు ప్రోగ్రామ్ ఎక్కడ తట్టుకుని పడిందో చెబుతాయి. రాయి ఎక్కడుందో చెప్పవు.

బాక్యులా సంగతే తీసుకోండి. కెర్న్ సిబాల్డ్ 2000లో మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇప్పటికీ ఎన్నో సంస్థలు వాడుతున్నాయి. అందులో మూడు పాత్రలు (తెర వెనుక నిరంతరం నడిచే ప్రోగ్రామ్‌ను డెమన్ అంటారు). పనులు పంచే డైరెక్టర్, నకలు తీయవలసిన ప్రతి కంప్యూటర్‌లోనూ కూర్చునే ఫైల్ డెమన్, డిస్కు మీదో టేపు మీదో రాసే స్టోరేజ్ డెమన్. వరుసగా 9101, 9102, 9103 వాటి తలుపుల సంఖ్యలు, అంటే నెట్‌వర్క్‌లో వాటిని చేరుకునే పోర్టులు. కొత్తగా అమర్చేవారు డైరెక్టర్, స్టోరేజ్ డెమన్ రెండింటినీ ఒకే సర్వర్‌లో పెడతారు కనుక, స్టోరేజ్ చిరునామా దగ్గర ‘లోకల్‌హోస్ట్’ అని రాస్తారు. డైరెక్టర్ నుంచి స్టోరేజ్ స్థితి అడిగితే చక్కగా జవాబు వస్తుంది. ఆ సర్వర్ నకలు కూడా చక్కగా అవుతుంది. పక్క గదిలోని కంప్యూటర్ నకలు మాత్రం కాదు. స్టోరేజ్ డెమన్‌కు కనెక్ట్ కాలేకపోయానని అక్కడి నుంచి ఎర్రర్.

చదివినవారు ఏం చేస్తారు? నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్ వైపు పరుగెత్తుతారు. 9103 తెరుస్తారు. కేబుల్ మారుస్తారు. నాకు తెలిసిన ఒకాయన కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్ పెట్టెనే మార్చారు. అసలు జరిగినది వేరు. డైరెక్టర్ తన దగ్గర రాసి ఉన్న చిరునామాను ఆ కంప్యూటర్‌కు అందించి, నకలు అక్కడికి పంపమంటుంది. లోకల్‌హోస్ట్ అన్నది ‘ఇక్కడ’ అనే మాట లాంటిది. ఎవరు పలికితే వారి కాళ్ల కింది నేల. పక్క గది కంప్యూటర్ తన కాళ్ల కింద వెతుక్కుంటుంది, అక్కడ స్టోరేజ్ డెమన్ ఉండదు. అలా రాయవద్దని బాక్యులా కరదీపికలోనే హెచ్చరిక ఉంది. కానీ ఎర్రర్ వచ్చిన రాత్రి కరదీపిక మొదటి పుట నుంచి చదివేవారు ఎవరు? ఎర్రర్‌లోనే ‘ఫలానా కంప్యూటర్ నుంచి, ఫలానా చిరునామాకు, ఇది నాకు డైరెక్టర్ ఇచ్చింది, ఇది నన్ను నేనే సూచించుకునే చిరునామా’ అని ఉంటే ఆయన స్విచ్ డబ్బులు మిగిలేవి.

అదే సాఫ్ట్‌వేర్‌లో ‘మీడియా టైప్’ అని ఒక పేరు పెట్టాలి. డైరెక్టర్ వైపు ఒక చోట, స్టోరేజ్ వైపు ఒక చోట. రెండూ అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. కాకపోతే పని ముందుకు సాగదు. అది తెలిసిపోతుంది కనుక ఫరవాలేదు. భయపెట్టేది దీనికి తిరగేసిన తప్పు: రెండు వేర్వేరు ఫోల్డర్లకు ఒకే మీడియా టైప్ పేరు పెట్టడం. నకలు తీసేటప్పుడు ఏ గొడవా లేదు. ఆరు నెలల తరువాత ఒక ఫైలు వెనక్కి కావాలంటే, ఏ నకలు ఏ ఫోల్డర్‌లోదైనా ఒకటేనని డైరెక్టర్ అనుకుని తప్పు ఫోల్డర్‌లో వెతికించవచ్చు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరగడం అంటే ఇదే.

ఇంకొకటి చెప్పి బాక్యులాను వదిలేస్తాను. రాయడానికి వీలైన వాల్యూమ్, అంటే నకళ్లు నింపే టేపో ఫైలో, లేదని పని ఆగిపోతుంది. ఒక వాల్యూమ్‌ను ఎన్నాళ్లు దాచాలో చెప్పే గడువు ముందుగా ఏడాది ఉంటుంది కనుక పాతవి ఖాళీ కావు. సరే అని కాన్ఫిగరేషన్ ఫైల్లో గడువు తగ్గిస్తాం. మళ్లీ చదివిస్తాం. ఏమీ మారదు. మళ్లీ మారుస్తాం. మారదు. ఎందుకంటే కొత్త గడువు కొత్తగా పుట్టే వాల్యూమ్‌లకే. ఉన్నవాటి నుదుటిరాత కేటలాగ్‌లో, అంటే బాక్యులా తన నకళ్ల లెక్క దాచుకునే డేటాబేస్‌లో, ఉంది, దాన్ని వేరే ఆదేశంతో మార్చాలి. కాన్ఫిగరేషన్ ఫైలు సరిగా ఉండి కూడా తప్పు మిగిలి ఉండే చోటు ఇది. ఆ సంగతి అక్కడే, ఆ ఎర్రర్‌లోనే ఒక వాక్యంలో చెప్పవచ్చు కదా?

మీ ‘టెస్ట్’ బటన్ మీద నాకు వేరే పేచీ ఉంది. విండోస్ ఆఫీసుల్లో నెట్‌వర్క్ ఫోల్డర్‌ను జెడ్ డ్రైవ్‌గా పెట్టుకోవడం అలవాటు. బ్యాకప్ అమర్చేటప్పుడు జెడ్ ఎంచుకుని టెస్ట్ నొక్కితే ‘బాగుంది’ అంటుంది. రాత్రి ఆ దారి లేదు అంటుంది. ఉదయం మళ్లీ టెస్ట్ నొక్కితే బాగుందంటుంది. దయ్యం పట్టిందనుకున్నవారు కూడా ఉన్నారు. పగలు టెస్ట్ చేసేది లాగిన్ అయిన మనిషి. రాత్రి పనిచేసేది సిస్టమ్ ఖాతా. జెడ్ అనే అక్షరం లాగిన్ అయిన ఆ మనిషి సొంతం, రాత్రి వచ్చేవాడికి అది కనిపించదు. రెండు వాలుగీతలతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ దారి రాసి, దానికి తగిన యూజర్ పేరూ పాస్‌వర్డూ ఇస్తే సరిపోతుంది. రాత్రి ఎవరు పనిచేస్తారో వారి చేత టెస్ట్ చేయించని బటన్ ఎందుకు పెట్టారో నాకు అర్థం కాదు. లైనక్సు వైపూ ఇదే కథ: రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా, చేతితో నడిపితే అవుతుంది, డెమన్ తన సొంత యూజర్‌తో నడిస్తే అనుమతి లేదంటుంది. వేరే సర్వర్‌లోని ఫోల్డర్‌ను నెట్‌వర్క్ ద్వారా వాడుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ మీదైతే రూట్‌కూ అనుమతి ఉండదు. ‘రూట్ స్క్వాష్’ అనే కట్టుబాటు వల్ల ఇక్కడి యజమాని అవతలి సర్వర్ గడప దాటగానే అనామకుడు అవుతాడు.

జాగా లేదు అనే సందేశానికి ఎన్ని ముఖాలున్నాయో చూడండి. నిజంగానే డిస్కు నిండవచ్చు. లేదా కోట్ల కొద్దీ చిన్న ఫైళ్ల వల్ల ఐనోడ్లు, అంటే ఒక్కో ఫైలుకూ ఒక్కొక్కటి కావలసిన నమోదు గడులు, అయిపోయి ఉండవచ్చు, అప్పుడు సగం డిస్కు ఖాళీగా కనిపిస్తూనే జాగా లేదంటుంది. లేదా కొత్తగా కొన్న డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఉండి, ఏ ఒక్క ఫైలూ 4 గిగాబైట్లకు చేరనీయకుండా ఆపుతుండవచ్చు. అప్పుడు వచ్చే మాట కాస్త వేరు, చదివేవారికి మాత్రం తేడా తెలియదు. లేదా పరుపు కింద 300 గిగాబైట్లు ఉండవచ్చు. ఎంత జాగా కావాలి, ఏ ఫైల్ సిస్టమ్‌లో, అక్కడ ఎంత ఉంది, ఐనోడ్లు ఎన్ని ఉన్నాయి: ఈ నాలుగు అంకెలు ఆ క్షణాన మీ ప్రోగ్రామ్ తెలుసుకోగలదు. నేను రెండు రోజులకు తెలుసుకున్నాను.

మెచ్చుకోవలసినదీ ఒకటి ఉంది. నకలు రెండో ప్రతిని ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే అమెజాన్ ఎస్3 నిల్వలో పెడదామని కొన్నాళ్లు ప్రయత్నించాం. 2022 నవంబరులో హైదరాబాదులోనే వారి కేంద్రం మొదలైంది, మన పత్రికలు మన ఊళ్లోనే ఉన్నట్లుంటుందని నా చాదస్తం. కొత్త కేంద్రాలను ఖాతాలో ముందుగా అనుమతిస్తే తప్ప వాడుకోలేమని తెలుసుకోవడానికి ఒక పూట పట్టింది. అది దాటాక ఇంకో ఎర్రర్: మీరు అడిగిన సమయానికీ అసలు సమయానికీ తేడా మరీ ఎక్కువగా ఉంది. ఎంత చక్కని వాక్యం! మా పాత కంప్యూటర్‌లో గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ అయిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా అది ఏళ్ల వెనక్కి వెళుతోంది. తేడా 15 నిమిషాలు దాటితే ఎస్3 ఒప్పుకోదు. బజారుకు వెళ్లి బ్యాటరీ తెచ్చి వేశాను, అయిపోయింది. పాస్‌వర్డ్ తప్పు అనో, అనుమతి లేదు అనో చెప్పి ఉంటే నేను ఎన్ని తాళాలు మార్చేవాణ్ణో.

దీనికి పూర్తి వ్యతిరేకంగా కాకపోయినా, కాస్త జంకు పుట్టించే సందేశం రెస్టిక్ అనే ఇంకో ఉచిత బ్యాకప్ ప్రోగ్రామ్‌ది. కాన్ఫిగ్ ఫైలు తెరవలేకపోయాను, ఈ చోట నిల్వ ఉందా అని అడుగుతుంది. తనంతట తాను కొత్త నిల్వ సృష్టించదు, అందుకు దండం పెట్టాలి. కానీ చిరునామాలో ఒక అక్షరం తప్పినా అదే ప్రశ్న, డిస్కు తగిలించకపోయినా అదే ప్రశ్న. ‘ఉందా’ అని అడిగితే కొత్తవారికి వెంటనే తోచే పని ‘లేదు కాబోలు, సృష్టిద్దాం’ అని. తప్పు చిరునామాలో సరికొత్త ఖాళీ నిల్వ పుడుతుంది. అప్పటి నుంచి అన్నీ ఆకుపచ్చ టిక్కులే. ఈ కంప్యూటర్ నుంచి నిన్నటి వరకు ఫలానా చోటికి నకళ్లు వెళ్లాయి అని ఒక్క వాక్యం గుర్తు చేస్తే ఆ చేయి ఆగుతుంది.

నాలాంటి మాస్టారు ఒక స్విచ్ మరిచిపోతే దానికింత లేఖా అని మీరనవచ్చు. పెద్దవారి ఇళ్లలోనూ ఇదే జరిగింది. 2017 జనవరి 31న సాఫ్ట్‌వేర్ కోడ్‌ను దాచిపెట్టే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ ఉన్న ఫోల్డర్‌ను చెరిపేశారు. రోజూ ఎస్3లోకి వెళుతున్నాయనుకున్న నకళ్ల కోసం చూస్తే ఆ బకెట్ (ఎస్3లో నిల్వ గదిని అలా అంటారు) ఖాళీ. డేటాబేస్ 9.6 వెర్షన్ అయితే, నకలు తీసే ప్రోగ్రామ్ 9.2 వెర్షన్‌తో నడిచి ప్రతిసారీ ఆగిపోతూ వచ్చింది. విఫలమైందని ఈమెయిళ్లు కూడా పంపింది. సరైన సంతకం లేదని మెయిల్ సర్వర్ వాటిని గడప దగ్గరే తిప్పి పంపేసింది. కుక్క మొరిగింది, గొంతు ఎవరికీ చేరలేదు. వేరే పని కోసం ఆరు గంటల ముందు ఒకరు తీసి ఉంచిన స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో డిస్కు ఉన్న స్థితి నకలు, ఉండబట్టి మిగతా అంతా దక్కింది. జరిగినదంతా దాచకుండా లోకానికి చెప్పారు. అందుకే నాకూ తెలిసింది. ఆ సంస్థ మీద నాకు గౌరవం పెరిగింది.

2021 డిసెంబరులో క్యోటో విశ్వవిద్యాలయం సూపర్‌కంప్యూటర్‌లో బ్యాకప్ వ్యవస్థే దొంగ అయింది. పాత లాగ్ ఫైళ్లు చెరపవలసిన స్క్రిప్టును అది నడుస్తుండగానే కొత్తదానితో మార్చారు. మధ్యలో చదవడంతో ఏ ఫోల్డర్‌లో చెరపాలో చెప్పే పేరు ఖాళీ అయిపోయింది. 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు, 77 టెరాబైట్లు పోయాయి. 14 పరిశోధక బృందాలకు దెబ్బ తగిలితే, నాలుగింటికి ఇక తిరిగి రాలేదు. 2024 మేలో ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ అనే పింఛను నిధి గూగుల్ క్లౌడ్‌లో నడుపుకుంటున్న ప్రైవేట్ క్లౌడ్ చెరిగిపోయింది. అమర్చేటప్పుడు ఒక గడి ఖాళీగా వదిలేశారు. ఖాళీ అంటే ఏడాది గడువు అని ఆ పనిముట్టు అర్థం చేసుకుంది. ఏడాది నిండగానే చెరిపేసింది. ఆరు లక్షలకు పైగా సభ్యులున్న నిధి అది. ఇంకొక సంస్థ దగ్గర కూడా నకళ్లు పెట్టుకుని ఉండడం కలిసి వచ్చింది. ఖాళీ గడికి మీరు ఏ అర్థం ఇస్తున్నారో ఒకసారి మీ కోడ్‌లో వెతికి చూడండి. మా ఇంట్లో నెయ్యి డబ్బా ఖాళీ అయితే నూనె పోయమని అర్థం కాదు.

సందేశాలను తెలుగులోకి మార్చమని మిమ్మల్ని అడుగుతానని కొందరు మిత్రులు అనుకున్నారు. అడగను. తెలుగు మీద ప్రేమ లేక కాదు. ఎర్రర్‌ను తెలుగులో ఇస్తే దాన్ని వెతికి జవాబు పట్టుకోవడం ఇంకా కష్టమవుతుంది, పైగా ఆ అనువాదాలు చేసేవారు ఎలా చేస్తున్నారో రోజూ ఫోన్‌లో చూస్తున్నాం. ప్రతి ఎర్రర్‌కూ మారని ఒక సంఖ్య ఇవ్వండి, చాలు. ఆ సంఖ్య కింద ఏ భాషలోనైనా మేమే రాసుకుంటాం. ఆ డిగ్రీ అమ్మాయి ఇప్పటికే ఒక నోటుపుస్తకం మొదలుపెట్టింది. అట్ట మీద ‘పరుపు పుస్తకం’ అని రాసింది.

ఈమధ్య మా దగ్గర చేసుకున్న మార్పులు చెబుతాను, మీ పనికి వస్తాయేమో. బయటి డిస్కు లోపల ఒక చిన్న ఫైలు పెట్టాం. బ్యాకప్ మొదలయ్యే ముందు ఆ ఫైలు ఉందో లేదో చూసి, లేకపోతే ఒక్క అక్షరం రాయకుండా ఆగేలా స్క్రిప్టు రాశాం. డిస్కు తీసి ఉంచి, ఖాళీ ఫోల్డర్‌ను ఎవరూ మార్చలేని స్థితిలో బిగించాం, రూట్‌కు కూడా అందులో రాయడం కుదరదు. డిస్కు పేరు ఎస్‌డీబీ అని, అంటే లైనక్సు డిస్కులకు వరుసగా పెట్టే పేరుతో, కాకుండా దాని శాశ్వత గుర్తింపు సంఖ్యతో రాశాం, ఎందుకంటే ఇంకో పెన్‌డ్రైవ్ పెట్టిన రోజున ఎస్‌డీబీ ఎవరి పేరు అవుతుందో చెప్పలేం. ప్రతి శనివారం సాయంత్రం కళ్లు మూసుకుని జాబితాలో ఒక పేజీ మీద వేలు పెట్టి, దాన్ని నకలు నుంచి వెనక్కి తీసి తెర మీద తెరిచి చదువుతాం. పోయిన శనివారం ఒక పాత ఆముదం ప్రకటన వచ్చింది. ఇవన్నీ మేము బయటి నుంచి కుట్టిన అతుకులు. మొదటి రెండూ మీ సాఫ్ట్‌వేర్ లోపలే ఉండవలసినవి.

ఆకుపచ్చ టిక్కు పక్కన నాకు మూడు మాటలు కావాలి: ఏ డిస్కు మీద రాశారు, అక్కడ ఇప్పుడు మొత్తం ఎంత ఉంది, అందులోంచి చివరిసారి ఎప్పుడు వెనక్కి తీసి చూశారు. మూడోదానికి జవాబు ‘ఎప్పుడూ లేదు’ అయితే అదే రాయండి, ఎర్రగా రాయండి. దసరాకు ముందు నా తెర మీద ఆ మాట ఉండి ఉంటే, సిగ్గుపడైనా ఒకసారి చూసేవాణ్ణి.

మీ తదుపరి వెర్షన్ పరీక్షించే గదిలో ఒక పని చేయండి. బ్యాకప్ నడవబోయే ముందు బయటి డిస్కు అడాప్టర్ స్విచ్ ఆపేసి, కుర్చీలో కూర్చుని మీ తెర ఏమంటుందో చూడండి. ఏమన్నదో నాకు రాస్తే సంతోషిస్తాను. ఇంగ్లీషులో రాసినా ఫరవాలేదు, చదవడం వచ్చు.

ఇట్లు,
చందాల గ్రంథాలయంలో కంప్యూటర్లు చూసుకునే ఒక లెక్కల మాస్టారు